అబ్బాయి లినక్స్‌లో పడ్డాడు

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల పెద్దలకు ఒక హెచ్చరిక చేయక తప్పడం లేదు. మన పిల్లలు మారతహళ్లిలో గదులు అద్దెకు తీసుకుని, ఉద్యోగాలు చేసుకుంటూ, నెలనెలా ఇంటికి డబ్బు పంపుతూ, పైకి బుద్ధిమంతుల్లాగే కనిపిస్తున్నారు. రాత్రి తలుపు గడియ పెట్టుకున్నాక మాత్రం వారిలో కొందరు కంప్యూటర్‌లో విండోస్ తీసేసి, లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తున్నారు.

దీనికి తక్షణ కారణం 2025 అక్టోబరు 14. ఆ రోజుతో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11లోకి వెళ్లాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరమో ఆ పైదో అయి ఉండాలి. అవి లేని కంప్యూటర్ ఎంత చక్కగా నడుస్తున్నా దాని ఆయుష్షు తీరినట్టే లెక్క. పద్ధతి తెలిసిన పౌరుడు అప్పుడు ఎస్పీ రోడ్డుకు వెళ్లి పాతదాన్ని వచ్చిన ధరకు వదిలించుకుని, కొత్తది వాయిదాల మీద కొంటాడు. దేశం ముందుకు పోయేది అలాంటివారి వల్లే. వీళ్లేమో ఒక పెన్‌డ్రైవులో మింట్ అనే రకం లినక్స్ తెచ్చి, కాలేజీ రోజుల నాటి ల్యాప్‌టాప్‌ను లేపి కూర్చోబెడుతున్నారు. పైసా ఖర్చు లేదు. పోనీ దొంగ కాపీనా అంటే అదీ కాదు. దొంగ కాపీ అయితే మన సంప్రదాయంలో దానికొక గౌరవ స్థానం ఉంది. ఊళ్లో కంప్యూటర్ సెంటర్ నడిపే అబ్బాయి చలవతోనే కదా మనలో చాలామందికి విండోస్ పరిచయమైంది! చట్టబద్ధంగా ఉచితంగా దొరికే వస్తువును మాత్రం ఏ పెద్దమనిషైనా అనుమానించాల్సిందే.

మా మేనల్లుడి సంగతే తీసుకోండి, వాడు ఆ తేదీకి ముందే ఇందులో పడ్డాడు. ఒకరోజు ఫోనులో ఎవరితోనో, 'రెండేళ్లు వనెసాతోనే నెట్టుకొచ్చాను, ఏ ఇబ్బందీ లేదు. అయినా విల్మా వచ్చాక వనెసాను తీసేశాను' అంటుండగా మా అక్కయ్య చెవిన పడింది. ఆవిడ ఆ పూట అన్నం ముట్టలేదు. మింట్ తయారుచేసేవారు ప్రధాన రూపాలకు అక్షరక్రమంలో ఆడపిల్లల పేర్లు పెడతారనీ, వనెసా 2022లో, విల్మా 2024లో విడుదలయ్యాయనీ వాడు నెత్తీనోరూ కొట్టుకున్నాడు. 'విడుదలైందా? ఏ కేసులో?' అని అక్కయ్య అడిగింది.

దీని వెనుక పెద్ద కుట్రే ఉందని నా అభిప్రాయం. 1991 ఆగస్టు 25న ఫిన్‌లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి, సరదాకు ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకుంటున్నానని లోకానికి చెప్పాడు. అదే ఈ లినక్స్. తర్వాత 2012లో, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి, 86 ఏళ్ల వయసులో, ఆధార్‌ను సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ వయసుకు మనవాళ్లు మునిమనవలకు పేర్లు వెతుకుతుంటారు. ఆ కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఒక్క గొంతుతో, గోప్యత ప్రాథమిక హక్కే అని తేల్చారు. ఒకటి ఆగస్టు 25, ఇంకొకటి ఆగస్టు 24. పంచాంగం తెలిసినవారు పరిశీలించగలరు.

అసలు గోప్యతతో మనకేం పని? మనది దాపరికాలు లేని జాతి. ఒక పెళ్లి బయోడేటా చూడండి: గోత్రం, నక్షత్రం, పాదం, ఎత్తు, రంగు, జీతం, మేనమామల ఉద్యోగాలు, ఊళ్లో ఎకరాలు, అందులో మాగాణి ఎంత, మెట్ట ఎంత. ఇంత సమాచారం ఏ కంపెనీ కూడబెట్టగలదు? దాన్ని మనం ముక్కూమొహం తెలియనివారికి, తెలిసినవారికి, తెలిసినవారికి తెలిసినవారికి వాట్సాప్‌లో పంపిస్తాం. అది చేరకూడని చోటికి చేరితే, అక్కడి నుంచి కూడా ఒక సంబంధం వస్తుంది.

ఇక బెంగళూరు మర్యాద వేరే చెప్పాలా? అపార్ట్‌మెంట్‌లో ఉన్న పిన్నిగారింటికి పులిహోర పట్టుకెళ్తే గేటు దగ్గర పేరు, ఫోన్ నంబరు, బండి నంబరు ఇచ్చి, ఫొటోకు నిలబడాలి. లోపలికి కబురు వెళ్లి, పిన్నిగారు ఫోనులో 'అనుమతించు' నొక్కేదాకా డబ్బా పట్టుకుని ఎండలో ఉండాలి. సబ్బు కొంటే బిల్లు దగ్గర ఫోన్ నంబరు. ఇవ్వమని బలవంతపెట్టవద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దుకాణాలకు చెప్పింది. మనం మాత్రం కౌంటర్ దగ్గరి అమ్మాయి నోరు తెరవకముందే పది అంకెలూ గడగడా అప్పజెబుతాం.

అన్నింటికీ మించినది ఆధార్ జిరాక్స్. పీజీలో మంచం కావాలంటే జిరాక్స్, గ్యాసుకు జిరాక్స్, 2023 దాకా సిమ్ముకూ జిరాక్స్. 2022 మే 27న ఆధార్ సంస్థవారి బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం, కాపీలు ఎవరికి పడితే వారికి ఇవ్వకండి, దుర్వినియోగం కావచ్చు, హోటళ్లకూ సినిమా హాళ్లకూ అవి తీసుకునే అధికారం లేదు అని ఒక ప్రకటన విడుదల చేసింది. దేశం ఉలిక్కిపడింది. రెండు రోజుల్లో, మే 29న, ప్రభుత్వం ఆ ప్రకటనను వెనక్కి తీసుకుని, మామూలు జాగ్రత్త చాలునని చెప్పింది. ఆ రెండు రోజులు జిరాక్స్ దుకాణాలవారు ఎలా గడిపారో! పూచీకత్తుగా ఇచ్చిన మన కాపీ ఒకటి ఇప్పుడు ఏ మిర్చిబజ్జీల కింద నూనె పీలుస్తోందో తెలియదు గానీ, మన ఆధార్ ఆ విధంగానైనా నలుగురికీ ఉపయోగపడుతోంది.

ఇంత పారదర్శకమైన నగరంలో కూర్చుని ఈ కుర్రవాళ్లు డిస్కుకు తాళం, తాళానికి పాస్‌వర్డు, ఆ పాస్‌వర్డు దాచడానికి కీపాస్ అనే పెట్టె పెట్టుకుంటున్నారు. వెతకడానికి డక్‌డక్‌గో, కబుర్లకు సిగ్నల్, రాతకోతలకు లిబ్రే ఆఫీస్. సిగ్నల్‌లో మా మేనల్లుడికి ఇద్దరే మిత్రులు, ఇద్దరూ పక్క మంచాలవాళ్లే. 2024 మేలో మైక్రోసాఫ్ట్ రీకాల్ అనే సదుపాయం ప్రకటిస్తే వీళ్లు చేసిన గగ్గోలు ఇంతా అంతా కాదు. కొన్ని కొత్త కంప్యూటర్లలో కొద్ది సెకన్లకోసారి తెరను ఫొటో తీసి దాచి, తర్వాత అడిగితే వెతికిపెడుతుందట. అందులో వింతేముంది? ఎవరి పెళ్లిలో ఎవరు ఏ చీర కట్టారో, ఎవరు అలిగి భోజనం మానేశారో ముప్పై ఏళ్లయినా తేదీతో సహా చెప్పే మేనత్త ప్రతి ఇంట్లోనూ ఉంది. చివరికి కంపెనీవారు దాన్ని వాయిదా వేసి, మనం ఒప్పుకుంటేనే పనిచేసేలా మార్చారు. మేనత్తకు అలాంటి మీట ఎక్కడుందో ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

నేను ఇదంతా ఆండ్రాయిడ్ ఫోనులోనే రాస్తున్నాననీ, దాని లోపల ఉన్నది లినక్స్ గుండెకాయ అయిన కెర్నెలేననీ మేనల్లుడు ఎత్తిపొడిచాడు. నిజమే, కానీ అది పద్ధతిగా పెరిగిన లినక్స్. మనం అడిగినది చేస్తూనే, మనం ఎక్కడున్నామో పెద్దలకు చెబుతూ ఉంటుంది.

వాడికి సంబంధాలు చూసేటప్పుడు ఈ జబ్బు ఫలితం బయటపడింది. అబ్బాయి ఫేస్‌బుక్‌లో లేడు, ఇన్‌స్టాగ్రామ్‌లో లేడు, వాట్సాప్‌లో ఫొటో లేదు. ఏదో దాస్తున్నాడని రెండు కుటుంబాలు వెనుదిరిగాయి. మూడో సంబంధం చెన్నైది. అమ్మాయి గురించి ఆరా తీద్దామని మేం వెతికితే ఆమె కూడా ఎక్కడా దొరకలేదు. డెబియన్ అనే ఇంకో రకం లినక్స్ వాడుతుందట. ఆశ్చర్యం లేదు, డెబియన్ ఆధారంగా బాస్ అనే భారతీయ లినక్స్‌ను ప్రభుత్వ సంస్థ సీడాక్‌వారు తయారుచేసింది ఆ ఊళ్లోనే. ఒకరి గురించి ఒకరికి ఏమీ తెలియకపోవడంతో ఇద్దరూ నేరుగా మాట్లాడుకోవలసిన దుస్థితి వచ్చింది. చూస్తుండగానే కుదిరిపోయింది.

శుభలేఖ కూడా వాళ్లే ఇంక్‌స్కేప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో, ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ తెలుగులో చేసుకున్నారు. అచ్చువేసే ఆయన బాధపడ్డాడు. ఆయనది పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను ఫాంట్లు; పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, ఇప్పటికీ ఆయనకు అది కొత్తగానే ఉంది. దారి చూపడానికి కార్డు మీద ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత పటం లంకె వేశారు. బెంగళూరు ట్రాఫిక్‌లోనూ సరిగ్గా మండపానికే చేరడం నాకు కొంత నిరాశ కలిగించింది. మండపంలో ఎవరూ నా నంబరు అడగలేదు, ఫొటోకు నిలబెట్టలేదు, దేనికీ ఒప్పుకోమనలేదు. నేరుగా లోపలికి పోనిచ్చారు.

చదివింపుల దగ్గర మాత్రం ఆడపెళ్లివారు పాత పద్ధతి వదల్లేదు. ఒకాయన పుస్తకంలో పేరు, ఊరు, మొత్తం రాసుకుంటుంటే, ఇంకొకాయన అవన్నీ మైకులో మండపమంతా మారుమోగేలా చదువుతున్నాడు. నా వంతు వచ్చేసరికి ముందున్నాయన అయిదు వేల నూట పదహార్లు చదివించి వెళ్లాడు. నేను మైకు పట్టుకున్న పెద్దమనిషిని పక్కకు పిలిచి, పేరు చదివితే చాలునని చెవిలో చెప్పాను. మొత్తం ఎంత అన్నది ఈ వ్యాసానికి సంబంధం లేని విషయం.