ఒక్క జీతం, ముగ్గురి పంపకం

తొమ్మిదిన్నర వేలు. తెలంగాణ పల్లెల్లో మోరీలు తీసే మనిషికి కాగితం మీద ఉన్న నెల జీతం ఇది. ఎన్నో పంచాయతీల్లో ఆ మొత్తమైనా ఒక్కరి చేతికి రాదు. 500 జనాభాకు ఒక కార్మికుడు చాలునని రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవో 51 లెక్కగట్టింది. అప్పటికే అంతకంటే ఎక్కువమంది పనిచేస్తున్న ఊళ్లలో కొత్త జీతాలు మంజూరు కాలేదు, ఉన్నదాన్నే పంచుకోమన్నారు. ఇద్దరైతే తలా 4,750 రూపాయలు. ముగ్గురైతే 3,166. జీతాన్ని మూడు ముక్కలు చేసినవాళ్లు పనిదినాన్ని మాత్రం ముక్కలు చేయలేదు. ముగ్గురూ తెల్లవారకముందే చీపురు పట్టాలి, ముగ్గురూ ట్రాక్టర్ వెంట నడవాలి.

పంచుకోకుండా మొత్తం జీతం అందినవాళ్ల సంగతి చూసినా, రోజుకు 316 రూపాయలు దాటదు. ఉపాధి హామీ పనికి 2025-26లో కేంద్రం తెలంగాణకు ఖరారు చేసిన కూలి 307. ఊరి మురికినంతా ఎత్తిపోసే పనికి, సెలవన్నది ఎరగని పనికి, దానికంటే తొమ్మిది రూపాయలే ఎక్కువ.

ఈ పని చేస్తున్నవాళ్లలో అత్యధికులు దళితులు, వాళ్లలో ఆడవాళ్లూ చాలామంది. జీతం గురించిన ఏ చర్చా ఈ వాస్తవాన్ని పక్కన పెట్టి సాగకూడదని మా అభిప్రాయం. తరతరాలుగా ఒక కులానికి అంటగట్టిన పనిని ప్రభుత్వం తన ఖాతాలోకి తెచ్చుకుంది. దాని వెలను మాత్రం పాత ఊరి పెద్దల లెక్కలోనే ఉంచింది.

2018 పంచాయతీరాజ్ చట్టం, ఆ తర్వాత వచ్చిన పల్లె ప్రగతి కార్యక్రమం పల్లెల రూపం మార్చాయి. ప్రతి పంచాయతీకీ ట్రాక్టర్ వచ్చింది. నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం, పల్లె ప్రకృతి వనం వచ్చాయి. వీటన్నింటినీ నడిపేందుకు వేరే మనుషులు రాలేదు. పాత సఫాయి కార్మికుడికే ‘మల్టీపర్పస్ వర్కర్’ అని పేరు పెట్టారు. ఊడ్చేవాడే మొక్కలకు నీళ్లు పోయాలి, నల్లా పంపు నడపాలి, ట్రాక్టర్ తోలాలి, వీధిదీపం మాడిపోతే స్తంభం ఎక్కాలి. కరెంటు పని నేర్వని మనిషిని స్తంభం ఎక్కించడం మల్టీపర్పస్ విధానం కాదు, ప్రాణంతో చెలగాటం. అతను షాక్ తగిలి పడితే ఆసుపత్రి ఖర్చు ఎవరిదో, చనిపోతే పరిహారం ఎవరిస్తారో ఈ విధానం తెచ్చినవాళ్లు ముందే తేల్చి ఉండాల్సింది. ‘సఫాయన్నా, నీకు సలామన్నా’ అన్న నినాదం సర్కారుదే. 2020లో కరోనా రోజుల్లో ఇంటింటి ముందూ హైపోక్లోరైట్ చల్లిన ఈ మనుషుల పాదాలు కడిగి పూలు చల్లిన ఊళ్లున్నాయి. ఆ గౌరవం జీతపు పట్టీలోకి ఎక్కలేదు.

వచ్చే ఆ కొద్దిపాటి జీతానికైనా తేదీ లేదు. కార్యదర్శి బిల్లు చేస్తాడు, చెక్కు ట్రెజరీకి వెళుతుంది, అక్కడ ఆగుతుంది. పంచాయతీ ఖాతాలో డబ్బుంటేనే కదలిక. 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చారు, 2025 డిసెంబరు దాకా ఎన్నికలు జరగలేదు. ఎన్నికైన పాలకవర్గాలు లేకపోవడంతో కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు నిలిచిపోయాయి. ట్రాక్టర్ డీజిల్‌కు కార్యదర్శులు సొంత జేబులోంచి తీసిన రోజులవి. ఇక సఫాయి కార్మికుల జీతం ఎవరికి గుర్తుంటుంది? బిల్లులు ఎక్కడా ఆగకుండా చెల్లించే గ్రీన్ చానల్ ద్వారా నెలనెలా జీతాలిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. బకాయిల కోసం మండలాఫీసుల ముందు ధర్నాలు మాత్రం ఆగలేదు. రెండు నెలల జీతం ఆగితే కిరాణా దుకాణంలో ఉద్దెర పెరుగుతుంది. మూడో నెలకు దుకాణదారు మొహం తిప్పుకుంటాడు, మిత్తికి అప్పు తేవాల్సి వస్తుంది. జీతం ఎప్పుడో వచ్చినా అందులో కొంత ఆ మిత్తికే పోతుంది. ఆలస్యమంటే అది కూడా జీతంలో కోతే.

కనీస వేతనం కంటే తక్కువకు మనిషితో పని చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. ఢిల్లీలో ఆసియా క్రీడల నిర్మాణ పనుల కూలీల కేసు అది. ఆకలి, పేదరికం చేసే బలవంతం కూడా బలవంతమేనన్నది ఆ తీర్పు సారం. కనీస వేతనాలను అయిదేళ్లకు మించకుండా సవరించాలన్నది 1948 చట్టం మాట, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ అదే ఉంది. తెలంగాణలో 2021లో అయిదు రంగాలకు కొత్త వేతనాల జీవోలు ఇచ్చి, వాటిని గెజిట్‌లో ప్రచురించకుండా వదిలేశారు. గెజిట్‌కెక్కని జీవో కార్మికుడి చేతిలో చిత్తు కాగితం.

చట్టాన్ని అమలు చేయించాల్సిన సర్కారే ఇలా ఉంటే, రేపు లేబర్ అధికారి ఏ మొహంతో రైస్‌మిల్లు యజమానిని నిలదీస్తాడు? పీఎఫ్ కోసి జమ చేయని ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీని ఏమని అడుగుతాడు? జీతం అడిగితే పంచాయతీ వైపు సర్కారు చూపిస్తుంది, సర్కారు వైపు పంచాయతీ చూపిస్తుంది. ప్రైవేటులో అసలు యజమానికీ కాంట్రాక్టరుకూ మధ్య నడిచే దాగుడుమూతలే ఇక్కడా నడుస్తున్నాయి.

డబ్బు లేదన్న జవాబు మాకు తెలియనిది కాదు. 2023 మేడే నాడు వెయ్యి పెంచారు. అది చాలదని జులైలో కార్మికులు సమ్మెకు దిగి నెలకు పైగా నిలబడ్డారు, మల్టీపర్పస్ విధానం అలాగే ఉండిపోయింది. పక్కనే ఆంధ్రప్రదేశ్‌లో మున్సిపల్ పారిశుధ్య కార్మికులు సమ్మెలు చేసి, 15,000 జీతానికి 6,000 ఆరోగ్య భత్యం కలిపి 21,000 సాధించుకున్నారు. అది పట్టణాల లెక్క, ఇది పల్లెల లెక్క అని తేడా చూపించవచ్చు. మోరీలో దిగిన కాలికి ఆ తేడా తెలియదు.

జీతాల పంపకాన్ని వెంటనే రద్దు చేయాలి. పనిచేస్తున్న ప్రతి ఒక్కరి పేరునా పూర్తి జీతం మంజూరు చేయాలి. స్తంభం ఎక్కే పనిని, ట్రాక్టర్ తోలే పనిని శిక్షణ ఉన్నవాళ్లకే అప్పగించి, దానికి వేరే వేతనం కట్టాలి. ఈఎస్‌ఐ, పీఎఫ్, ప్రమాద బీమా భారాన్ని పంచాయతీ నెత్తిన వదిలేయకుండా రాష్ట్ర ఖజానా మోయాలి. కొత్తగా గెలిచిన సర్పంచులు కూడా తమ ఊరిలో ఒక్కో జీతాన్ని ఎందరు పంచుకుంటున్నారో తీర్మానం రాసి పైకి పంపాలి. వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం మరుసటి నెల ఏడో తేదీలోపు ఇవ్వాలి. వచ్చే నెల 7న ఎన్ని పంచాయతీల్లో జీతం పడిందో, ఎన్నింట్లో ఒక్కొక్కరికీ పూర్తిగా పడిందో పంచాయతీరాజ్ శాఖ ఊరి పేర్లతో సహా జనం ముందు పెట్టాలి.