మా గుంతల జోలికి రాకండి

మా పర్లాకిమిడి చుట్టుపక్కల రోడ్ల మీద గుంతలు పూడ్చాలని మళ్లీ అర్జీ పెడుతున్నారు. సంతకం కోసం కాగితం మా ఇంటికీ వచ్చింది. నేను పెట్టలేదు. తెలిసి తెలిసి నలుగురి ప్రాణాల మీదికి తేలేను.

ఇది నా సొంత పైత్యం కాదు, కేంద్ర రవాణా శాఖ లెక్క. 2022లో దేశంలో జరిగిన రోడ్డు ప్రమాదాల్లో 67 శాతం తిన్నని రోడ్ల మీదే. మలుపులు, గుంతలు, ఎత్తుపల్లాలు అన్నీ కలిపినా 14 శాతం లేవు. అదీ వానలోనో మంచులోనో కాదు, ముప్పాతిక వంతు నిక్షేపంలాంటి ఎండపూట జరిగాయి. అంటే గుంతలో పడి నడుం పట్టేసినవాడు లెక్క ప్రకారం అదృష్టజాతకుడు. "దేశంలో తిన్నని రోడ్లే ఎక్కువ కదా" అని మా తోడల్లుడు అడ్డు తగిలాడు. లెక్కల మాస్టారు లెండి, అన్నిటికీ వంకలు పెడతాడు.

క్షేమమంటే మా నేరోగేజి చిన్న రైలుదే. నౌపడా నుంచి 1900లో మా ఊరొచ్చింది, 1931కి గుణుపూరు చేరింది. నడుస్తున్న బండి దిగి, గట్టు పక్కన పని చూసుకుని, మళ్లీ అదే బండి ఎక్కేవాళ్లమని తాత చెప్పేవాడు. 2004లో ఆపేసి, 2011లో పెద్ద లైను చేసి వదిలారు. ఇప్పుడు దిగాలంటే స్టేషన్ దాకా ఆగాల్సిందే.

2023 జూన్‌లో బాలాసోర్ దగ్గర రైలు ప్రమాదంలో 290 మందికి పైగా పోయారు. ఆ అక్టోబరులోనే విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రాయగడ పాసింజరు, ముందున్న పలాస పాసింజరును గుద్దింది. 14 మంది పోయారు. ఆ రోజే మా మావయ్య రైలెక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. ఇప్పుడు పెళ్లికైనా, చావుకైనా బైకే. 2022లో రోడ్ల మీద పోయినవాళ్లు 1,68,491 మంది. రోజుకి 460 పైచిలుకు. అందులో నూటికి 44 మంది టూవీలర్ల వాళ్లే. రోజూ జరిగేదానికి టీవీ వాళ్లు రారు, కాబట్టి మావయ్యకి టెన్షన్ లేదు. హెల్మెట్ లేకపోలేదు, మోచేతికి ఉంటుంది.

"తలకి పెట్టుకోవచ్చు కదా మావయ్యా?"

"పోలీసు కనబడనీరా, పెడతాను."

నేను మాత్రం లెక్కల మనిషిని. పాతపట్నం వెళ్లాలంటే షేర్ ఆటోయే. ముగ్గురికని చేసిన బండిలో మొన్న పదకొండుగురం. డ్రైవరుకి ఇటొకడు, అటొకడు. సీటు వాళ్లదే, ఆయన సగం గాల్లో కూర్చుని హ్యాండిల్ పట్టుకున్నాడు. నా ఒళ్లో ఎవరిదో కోడిపుంజు. ప్రమాదాన్ని ప్రయాణికులు తిరిగిన కిలోమీటర్లతో భాగించి చూడాలని నిపుణులు చెబుతారు. ఈ సంగతి మా డ్రైవరుకి చదవకుండానే తెలుసు. జనం పెరిగేకొద్దీ తలకి పడే వాటా తగ్గిపోతుంది.

పెద్ద గుంత రాగానే ఆటో నెమ్మదించింది.

"కాస్త సర్దుకోండమ్మా" అన్నాడు డ్రైవరు.

పన్నెండో ఆయన ఎక్కాడు.