బ్యారెల్ అడక్కుండా స్లగ్ కొనొద్దు, అమ్మొద్దు

థాంక్స్‌గివింగ్ అయ్యాక వచ్చే సోమవారం ఒహాయోలో జింకల గన్ సీజన్ మొదలవుతుంది. ఆ ముందు వారం స్పోర్టింగ్ గూడ్స్ షాపుల్లో స్లగ్స్, అంటే షాట్‌గన్‌లో చిన్న గుళ్లకి బదులు ఒకే పెద్ద గుండు ఉండే తూటాలు, పెట్టే ర్యాక్ దగ్గర జనం మూగుతారు, చేతికందిన డబ్బానో, రేటు ఎక్కువుంది కాబట్టి మంచిదే అయ్యుంటది అనుకున్న డబ్బానో తీసుకుని బిల్లు కట్టేసి వెళ్లిపోతారు, మీ తుపాకీ బ్యారెల్, అదే గొట్టం, ఏ రకం అని కౌంటర్లో అడిగేవాళ్లు తక్కువే. వేటకి వెళ్లాలా వద్దా అనేది ఎవరిష్టం వాళ్లది, ఆ చర్చలోకి మేం పోవట్లేదు. ముందు బ్యారెల్ తేల్చుకోండి, తర్వాత దానికి సరిపడే స్లగ్ కొనండి, రెండూ కలిపి కాగితం మీద కొట్టి చూశాకే అడవిలో అడుగు పెట్టండి అన్నది మా మాట. మొదటిసారి లైసెన్స్ తీసుకునేవాళ్లకి ఇది రూల్ కింద పెట్టాలి కూడా.

మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక జింకని కొట్టడమంటే జైలుకి దారి వేసుకోవడమే. అందుకే అమెరికా వచ్చి కొలీగ్స్‌తో కలిసి మొదటిసారి వేటకి పోయే తెలుగువాడికి ఇవన్నీ ఇంట్లో చెప్పే తాతలూ మామయ్యలూ ఉండరు. కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాం.

తుపాకీ ఖాళీ అని ఒకటికి రెండుసార్లు చూసుకుని, బ్యారెల్ ఊడదీసి వెనక వైపు నుంచి టార్చ్ కొట్టి చూడండి. లోపల నున్నగా మెరుస్తుంటే స్మూత్‌బోర్, మెలి తిరిగిన గాడులు కనిపిస్తే రైఫిల్డ్ బ్యారెల్. అన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి.

స్మూత్‌బోర్‌కి ఫాస్టర్ స్లగ్ వాడతారు, 1930ల మొదట్లో కార్ల్ ఫాస్టర్ అనే అమెరికన్ తయారుచేసిన డిజైన్ ఇది. 12 గేజ్‌లో (గేజ్ అంటే గొట్టం లావు కొలత, అంకె తగ్గేకొద్దీ గొట్టం లావు) మామూలుగా ఒక ఔన్సు సీసం, అంటే 28 గ్రాములు, వెనక బోలుగా ఉండి బరువంతా ముందు ఉంటది కాబట్టి గిర్రున తిరక్కపోయినా ముక్కు ముందుకి పెట్టుకునే పోతది. దీని పక్కల వాలుగా గీతలు ఉంటాయి, డబ్బా మీదేమో రైఫిల్డ్ స్లగ్ అని రాస్తారు, కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే, రైఫిల్డ్ అని ఉంది కదా అని రైఫిల్డ్ బ్యారెల్‌లో వేసేస్తారు. వేస్తే పేలిపోదు, కానీ కొన్ని షాట్లకే గాడుల్లో సీసం పేరుకుపోయి గురి చెడుతుంది, సాయంత్రం బ్రష్ పట్టుకుని గీక్కోవాలి. జర్మనీ బ్రెన్నెకే స్లగ్ ఇంకా పాతది, 1898 నాటిది, వెనక వాడ్, అంటే మందుకీ గుండుకీ మధ్య ఉండే బిళ్ల, దానికే బిగించి ఉంటది, అది కూడా నున్నటి గొట్టం కోసం పుట్టిందే.

సేబో స్లగ్ కథ వేరు. చిన్న బుల్లెట్‌కి ప్లాస్టిక్ తొడుగు ఉంటది, గాడులు ఆ తొడుగుని పట్టి తిప్పుతాయి, బయటికి రాగానే తొడుగు విడిపోయి బుల్లెట్ తిరుగుతూ పోతది. మంచి రైఫిల్డ్ బ్యారెల్‌లో 150 గజాల దాకా నమ్మొచ్చు. అదే స్మూత్‌బోర్‌లో వేస్తే తిప్పేదేం లేదు కాబట్టి అది పల్టీలు కొడుతుంది, టార్గెట్ కాగితం మీద గుండ్రటి చిల్లు ఉండాల్సిన చోట పొడుగ్గా అడ్డంగా చిరిగిన గుర్తు పడుతుంది, అది కూడా అనుకున్న చోట కాదు. ఫాస్టర్ కంటే దాదాపు మూడింతలు పోసి కొన్నది ఇలా వృథా అవుతుంటే డబ్బు పోయిందని కాదు మా బాధ, ఆ అడ్డం బుల్లెట్ జింక పొట్టలో తగిలితే అది పొదల్లోకి పోయి ఎక్కడో గంటల తరబడి గిలగిలా కొట్టుకుంటుంది, మనకీ దొరకదు.

దూరం విషయంలో కూడా గొప్పలు మానాలి. ఫాస్టర్ స్లగ్ సెకనుకి 1600 అడుగుల దగ్గర బయల్దేరినా 100 గజాలకి వచ్చేసరికి శబ్దం కంటే నెమ్మదవుతుంది, కిందకి వాలిపోతుంది. స్మూత్‌బోర్, ముందు ఒక పూస సైట్ మాత్రమే ఉన్నోళ్లు 50 గజాల్లో ఆగడం మంచిది. చోక్, అంటే గొట్టం మూతిని ఇరుకు చేసే భాగం, కాస్తే ఇరుకుండే ఇంప్రూవ్డ్ సిలిండర్ పెట్టుకోండి, టర్కీ కోళ్ల వేట కోసం బిగించిన, బాగా ఇరుకైన ఫుల్ చోక్ మర్చిపోయి అలాగే వదిలేయకండి. స్కోప్ పెట్టేవాళ్లకి ఒక మాట, ఊడదీసే బ్యారెల్ రిసీవర్‌లో, అంటే ట్రిగ్గర్ ఉండే తుపాకీ ఒంట్లో, కొంచెం కదులుతుంది, అందుకే స్కోప్ బ్యారెల్ మీదే కూర్చునే కాంటిలీవర్ మౌంట్ ఉన్నది చూసుకోండి. 12 గేజ్ మూడంగుళాల షెల్ తన్నుడికి కళ్లు మూసుకుని ట్రిగ్గర్ లాగేవాళ్లు 20 గేజ్‌కి మారడంలో సిగ్గుపడాల్సిందేం లేదు, ఇప్పటి 20 గేజ్ సేబోలు జింకకి బ్రహ్మాండంగా సరిపోతాయి.

స్లగ్ రోజులు అయిపోయాయి కదా అంటారు కొందరు. నిజమే, ఇంతకుముందు జింకకి మామూలు రైఫిల్ ఒప్పుకోని రాష్ట్రాల్లో స్ట్రెయిట్ వాల్ కార్ట్రిడ్జ్ (మెడ దగ్గర సన్నబడకుండా నిటారుగా ఉండే తూటా) రైఫిల్స్‌ని ఒహాయో 2014లో, అయోవా 2017లో ఒప్పుకున్నాయి, ఇల్లినాయ్ 2023లో సింగిల్ షాట్, అంటే ఒక్క తూటానే పట్టే, రైఫిల్స్‌కి దారి తెరిచింది. కానీ మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో జింకకి మామూలు రైఫిల్ ఇప్పటికీ కుదరదు, మసాచుసెట్స్‌లోనూ అంతే. స్లగ్ దూరం పోదు కాబట్టి ఇళ్లు దగ్గరగా ఉన్నచోట సేఫ్ అన్నది ఈ రూల్స్ వెనకున్న లెక్క. అది కూడా పూర్తిగా నిజం కాదు, పెన్సిల్వేనియా శాసనసభ కమిటీ ఒకటి చేయించిన అధ్యయనం 2007లో వచ్చింది, నేలకి సమాంతరంగా కొట్టినప్పుడు స్లగ్ నేలకి తగిలి ఎగిరి రైఫిల్ బుల్లెట్ కంటే ఎక్కువ దూరం పోయే రిస్క్ ఉందని తేల్చింది. షాట్‌గనే కదా అని వెనకేముందో చూడకుండా కొట్టేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

హెచ్-1బీ లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి ఇంకో జాగ్రత్త. ఫెడరల్ చట్టం ప్రకారం వాళ్ల దగ్గర తుపాకీ కాదు కదా ఒక్క స్లగ్ ఉన్నా నేరమే, మినహాయింపులు కొన్నే, అందులో మనవాళ్లకి ఎక్కువగా పనికొచ్చేది చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. లైసెన్స్ గడువు అయిపోయాక కప్‌బోర్డ్‌లో మిగిలిన డబ్బా కూడా తంటా తెస్తది, గ్రీన్ కార్డు మాట దేవుడెరుగు.

రాష్ట్రాల వన్యప్రాణి శాఖల్ని మేం అడిగేది చిన్న విషయం. హంటర్ ఎడ్యుకేషన్‌లో సేఫ్టీ బాగానే చెప్తున్నారు, దాంతో పాటు తను వాడబోయే బ్యారెల్, తను కొన్న స్లగ్‌తోనే 50 గజాల దగ్గర మూడు షాట్లు చూపించమనండి. ఫిన్‌లాండ్‌లో జింకకైనా మూస్ అనే పెద్ద దుప్పికైనా రైఫిల్‌తో వెళ్లాలంటే షూటింగ్ టెస్ట్ పాస్ కావాల్సిందే, అక్కడ వేట ఏం ఆగిపోలేదు. ఖర్చు అంటారేమో, ఐదు స్లగ్స్ ఉండే ఒక్క డబ్బా. షాపులవాళ్లయితే ఏ రూలూ వచ్చేదాకా ఆగక్కర్లేదు, సేబో డబ్బాల కింద రైఫిల్డ్ బ్యారెల్‌కి మాత్రమే అని పెద్దక్షరాలతో ఒక చీటీ అంటించడానికి ఈ నవంబర్ చాలు.