సైన్యం లేదు, చందా లేదు, అయినా కమిటీ మెంబరే

మా సందులో ప్రతి ఏడాదీ వినాయక మండపం వేసే ఖాళీ జాగా ఒకాయనది. ఆయన చందా ఇవ్వడు. నిమజ్జనం రోజు ట్రాక్టరు ఎక్కడు, లడ్డూ వేలంలో పాట పాడడు, రాత్రి కాపలా పడుకోడు. కానీ హారతికి ముందు వరసలో ఆయనే, పులిహోర మొదటి ఆకు ఆయనకే, ఎవరైనా కొంచెం మొహం చిట్లిస్తే చాలు "సరే అయితే, వచ్చే ఏడాది పందిరి ఇంకెక్కడైనా వేసుకోండి" అంటాడు, అంతే, కమిటీ మొత్తం "అయ్యో బాబాయ్ గారూ" అంటూ కాళ్ళబేరానికి వచ్చేస్తుంది. ఇన్నాళ్ళూ ఈయన్ని పిసినారి అనుకున్నా. నాటో చరిత్ర చదివాక తెలిసింది, ఆయన పిసినారి కాదు, ఐస్‌లాండ్.

1949 ఏప్రిల్ 4న వాషింగ్టన్‌లో 12 దేశాలు కూర్చుని సంతకాలు పెట్టాయి, మాలో ఒకడిని కొడితే అందరినీ కొట్టినట్టే అని. అదే నాటో కూటమి. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ అందరూ తలా ఇన్ని ఓడలూ విమానాలూ ట్యాంకులూ పట్టుకొచ్చారు. ఐస్‌లాండ్ సంతకం తెచ్చింది. అప్పుడూ సైన్యం లేదు, ఇప్పుడూ లేదు, కానీ వ్యవస్థాపక సభ్యదేశం. పైగా ఒక షరతు కూడా, శాంతికాలంలో మా గడ్డ మీద మీ సైనికులు ఉండకూడదు అని. అంటే మేం కొట్టం, మీరొచ్చి మా ఇంట్లో ఉండొద్దు, కానీ మమ్మల్ని ఎవరైనా కొడితే పరిగెత్తుకు రావాలి. ఇంత చక్కటి ఒప్పందం రాయించుకున్న వాళ్ళకి మన రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర కూర్చునే దస్తావేజు లేఖరులు కూడా దణ్ణం పెట్టాలి. ఇందులో చేరడమే తప్పని ఆ మార్చి 30న జనం పార్లమెంటు ముందు రాళ్ళు రువ్వారు, పోలీసులు టియర్ గ్యాస్ వదిలారు. మొత్తానికి సైన్యం లేని దేశం కూటమి కోసం చేసిన మొదటి పోరాటం సొంత జనంతోనే. 1950లో కొరియా యుద్ధం వచ్చింది, శాంతికాలం కాదు కదా అని 1951లో అమెరికా వాళ్ళు ఐస్‌లాండ్‌లోని కెఫ్లావిక్ విమానాశ్రయంలో బేస్ పెట్టుకుని దిగారు, "శాంతికాలం కాదు" అనే ఆ కాలం 2006 దాకా సాగింది.

ఎందుకు భరించారు అంటారా? లొకేషన్ అండీ లొకేషన్. మ్యాప్ చూడండి, సోవియట్ సబ్‌మెరైన్ ఉత్తరం నుంచి అట్లాంటిక్‌లోకి రావాలంటే ఐస్‌లాండ్‌కి ఈ పక్క నుంచో ఆ పక్క నుంచో దూరాలి. మన బ్రోకర్ల భాషలో చెప్పాలంటే కార్నర్ బిట్, రెండు వైపులా రోడ్డు. కార్నర్ బిట్ ఉన్నవాడికి కర్ర దేనికి?

ఇక అసలు ఘనకార్యం చేపల యుద్ధం. నాటోలో ఉండి నాటో దేశంతోనే మూడుసార్లు తలపడి మూడుసార్లూ గెలిచిన సైన్యం లేని దేశం ఇది ఒక్కటే. ప్రత్యర్థి బ్రిటన్, ఒకప్పుడు ప్రపంచ సముద్రాలన్నీ మావే అన్నవాళ్ళు. కారణం కాడ్ చేప. ఐస్‌లాండ్ 1958లో 12 మైళ్ళ వరకు సముద్రం మాది అంది, 1972లో 50 మైళ్ళు అంది, 1975లో ఏకంగా 200 అంది (నాటికల్ మైళ్ళు లెండి, పక్కింటాయన గోడ ప్రతి ఏడాదీ అంగుళం జరిపినట్టు కాదు, ఈయన పొలమే జరిపేశాడు). బ్రిటిష్ ట్రాలర్లు, అంటే వల ఈడ్చుకెళ్ళే పెద్ద చేపల పడవలు, ఒప్పుకోలేదు. అప్పుడు ఐస్‌లాండ్ కోస్ట్ గార్డ్ ఒక మహా ఆయుధం బయటికి తీసింది, వల కోసే కత్తెర. గస్తీ పడవ వెళ్ళి ట్రాలర్ వెనకాల అడ్డంగా దాటుతుంది, తోకకి కట్టిన ఆ కొక్కెం లాంటిది వలని లాగే ఇనప తాళ్ళని టప్పున తెంపేస్తుంది, వల, అందులో చేపలు, ఆ రోజు కూలీ అన్నీ గంగపాలు. 1972లో మొదటిసారి ఇది వాడినప్పుడు ముందు మర్యాదగా రేడియోలో "మీ పడవ పేరేంటి" అని అడిగారట, అవతలి వాళ్ళు జవాబుగా బ్రిటన్ దేశభక్తి పాట పెట్టారు. పాట అయ్యేలోపు వల పోయింది.

బ్రిటన్ యుద్ధనౌకలు పంపింది. నౌకలూ పడవలూ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఇక్కడ న్యాయశాస్త్ర పరంగా ఒక చిక్కుంది, సీరియస్‌గానే అడుగుతున్నా, ఒకరి మీద దాడి అందరి మీదా దాడే కదా, అలాంటప్పుడు బ్రిటన్ నౌక ఐస్‌లాండ్ పడవని గుద్దితే బ్రిటన్ మీద బ్రిటన్ యుద్ధం ప్రకటించాలా వద్దా? 1976 ఫిబ్రవరిలో ఐస్‌లాండ్ బ్రిటన్‌తో దౌత్య సంబంధాలే తెంచుకుంది, నాటోలోంచి పోతాం అనే మాట కూడా వదిలింది, అంటే మన బాబాయ్ గారి "పందిరి ఇంకెక్కడైనా వేసుకోండి". అంతే, నాటో ప్రధాన కార్యదర్శి యోసెఫ్ లున్స్ మధ్యవర్తిగా కాళ్ళకి చక్రాలు కట్టుకున్నాడు, జూన్‌కల్లా ఐస్‌లాండ్ 24 ట్రాలర్లకి మించి ఒకేసారి రానివ్వం అంటే బ్రిటన్ సరే అంది. అదే ఏడాది మన పార్లమెంటు కూడా 200 మైళ్ళ చట్టం చేసుకుంది, తర్వాత ప్రపంచమంతా అదే లెక్క అయింది, కాబట్టి కాకినాడ నుంచి లోతుకి వెళ్ళే మన బోట్ల వాళ్ళు ఐస్‌లాండ్‌ని మరీ తీసిపారేయక్కర్లేదు.

2006లో అమెరికా బేస్ ఖాళీ చేసి వెళ్ళిపోయింది. ఆకాశం కాయడానికి ఎవరూ లేరు, మరి ఐస్‌లాండ్‌కి యుద్ధవిమానాలు లేవాయె. అయితే మేమే వంతులవారీగా వచ్చి కాస్తాం అంది కూటమి, 2008 మేలో ఫ్రాన్స్ మొదలుపెట్టింది. ఆ డిసెంబరు వంతు బ్రిటన్‌ది. ఈలోపు అక్టోబరులో ఐస్‌లాండ్ బ్యాంకులు కూలాయి, బ్రిటన్ డిపాజిటర్ల డబ్బు ఇరుక్కుంది, బ్రిటన్ ఏ చట్టం వాడి అందులో ఒక బ్యాంకు ఆస్తులు స్తంభింపజేసిందో తెలుసా, ఉగ్రవాద నిరోధక చట్టం. పొద్దున ఉగ్రవాదుల చట్టం కింద నోటీసు, సాయంత్రం అదే ఇంటికి వాచ్‌మన్ డ్యూటీ! ఆ వంతు రద్దయింది పాపం, నాకైతే జరిగుంటే చూడాలని ఉండేది.

ఏమీ ఇవ్వరు అనడం కూడా అన్యాయమే. 2018 అక్టోబరులో నాటో భారీ విన్యాసాలకి వెళ్తూ అమెరికా సైనికులు వేలల్లో ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో దిగారు, నాలుగు రోజుల్లో బార్లలో బీరు అయిపోయింది, కంపెనీ నుంచి అర్జెంటుగా తెప్పించి పోశారు. 1989 దాకా బీరే నిషేధం ఉన్న దేశం ఇది. మిత్రదేశ సేనలకి సరఫరా లైన్ తెగకుండా కాపాడటం అంటే ఇంకేంటండీ.

ఇప్పుడేమో 2025లో నాటో దేశాలు హేగ్‌లో కూర్చుని 2035కల్లా ఎవరి జీడీపీలో వాళ్ళు 5 శాతం రక్షణకి పెట్టాలి అన్నాయి. మూడున్నర సైన్యానికి, ఒకటిన్నర రోడ్లు, ఓడరేవులు, కేబుళ్ళు లాంటి వాటికి. దేశాలన్నీ లబోదిబోమంటున్నాయి. నాటో వేసే ఖర్చుల పట్టికలో ఐస్‌లాండ్ పేరుకి వరసే ఉండదు, సైన్యమే లేనిదానికి లెక్కేంటని. రన్‌వే ఉంది, రాడార్లు ఉన్నాయి, కోస్ట్ గార్డ్ ఉంది, ఆ ఒకటిన్నర వైపు చూసుకుంటే సరిపోతుంది వాళ్ళకి.

మొన్న చందాల పుస్తకం పట్టుకుని మేం కూడా బాబాయ్ గారి గేటు దగ్గరికి వెళ్ళాం. ఈసారి అందరికీ ఒకటే రేటు అని గట్టిగా చెప్పాం. ఆయన చాలాసేపు పుస్తకం తిరగేసి, "జాగాలో ముళ్ళకంప కొట్టించా, పంపు దగ్గర్నుంచి పైపు వేయించా, లైట్లు ఎలాగూ నా మీటరు నుంచే, అవన్నీ నా ఖాతాలో రాసుకోండి" అని పెన్ను కూడా మా దగ్గరే అడిగి తీసుకుని సంతకం పెట్టాడు.