మైకులన్నీ మ్యూట్‌లో పెట్టి ఇంగ్లీష్ నేర్పలేం

డిగ్రీ పిల్లలకు ఆన్‌లైన్‌లో ఇంగ్లీష్ చెప్పడం కరోనాతోనే పోయిందనుకుంటే పొరపాటు. 2020 మార్చిలో కాలేజీలు మూతపడ్డప్పుడు గత్యంతరం లేక మొదలుపెట్టిన పద్ధతికి ఇప్పుడు నిబంధనల్లోనే చోటుంది. ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులను కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ పాఠాల కోసం నడిపే 'స్వయం' పోర్టల్‌లో చదువుకోవచ్చని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2021లోనే చెప్పింది. అందుకే అప్పటి క్లాసుల్లో పిల్లలు ఎన్ని పాట్లు పడ్డారో మళ్లీ మాట్లాడుకోవాలి.

చరిత్ర పాఠం వింటే కొంతైనా వస్తుంది. భాష అలా రాదు, నోరు తెరవాలి, తప్పు మాట్లాడాలి, ఆ తప్పు విని సరిచేసే మనిషి ఉండాలి. ఆన్‌లైన్ క్లాసులో చాలాచోట్ల జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పని: అందరి మైకులూ మ్యూట్, సారు ఒక్కరే పాఠం చదివి తెలుగులో అర్థం చెప్పుకుంటూ పోవడం, చివర్లో 'ఎనీ డౌట్స్?' అనగానే చాట్‌లో వరసగా 'నో సర్'. డౌట్లు లేక కాదు. సిగ్నల్ కోసం మేడెక్కినవాళ్లూ, ఒక్క ఫోన్‌ను తమ్ముడితో పంచుకున్నవాళ్లూ ఎలాగో క్లాసులో ఉన్నారు గానీ, ఇంట్లో అందరూ వింటుంటే వచ్చీరాని ఇంగ్లీష్‌లో మాట్లాడాలంటే ఎవరికైనా టెన్షనే. ఆడపిల్లలకైతే క్లాసు మధ్యలో ఇంటిపనీ తప్పలేదు.

సరిగ్గా అదే సమయంలో, 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీష్ మీడియంలోనే అని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఏడాది ఇంటర్ పరీక్షలే రద్దయ్యాయి. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి, అదీ సగం ఫోన్లోనే చదివి వచ్చిన పిల్లలు ఒక్కసారిగా అన్ని సబ్జెక్టులూ ఇంగ్లీష్‌లో చదవాల్సి వచ్చింది. వాళ్లకు వెనకబడ్డారన్న పేరు పెట్టడం అన్యాయం.

దూరం నుంచి చదువు చెప్పడాన్ని మేం తప్పుపట్టడం లేదు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాద్‌లోనే మొదలైంది, ఇప్పటి అంబేడ్కర్ వర్సిటీ అదే. పుస్తకాలు ఇచ్చి వదిలేయకుండా స్టడీ సెంటర్లలో ముఖాముఖి క్లాసులు కూడా పెట్టింది. ఆన్‌లైన్‌లోనూ మంచి లేకపోలేదు. రికార్డు చేసిన పాఠాన్ని ఆపి ఆపి, అర్థమయ్యేదాకా వినొచ్చు. క్లాసులో లేచి మాట్లాడటానికి జంకే పిల్లాడు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపమంటే నచ్చేదాకా మళ్లీ మళ్లీ రికార్డు చేసి పంపగలడు.

అయితే ఆ మెసేజ్‌లు ఎవరు వింటారు? పీరియడ్ లెక్కన డబ్బులందుకునే గెస్ట్ లెక్చరర్‌కు వినే గంటలకు రూపాయి రాదు. ముందు అది మారాలి. వీడియో పాఠాలు ఎన్నయినా పెట్టండి, వాటితో పాటు వారానికొకసారి పదిమందికి మించని గ్రూపులో మైకులన్నీ ఆన్ చేసి మాట్లాడించండి, ఆ గంటలకూ జీతం లెక్కకట్టండి, సెమిస్టర్ మార్కుల్లో మాట్లాడటానికీ వాటా ఇవ్వండి. వచ్చే విద్యా సంవత్సరం టైమ్‌టేబుల్ వేసేలోపే రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు ఈ పని చేయాలి.