శవమై వస్తేనే సెల్యూటా?

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో భోజనాలయ్యాక మొదలైన వాదన ఇది. రమ్య ఓ ఇమిగ్రేషన్ లాయరు దగ్గర పనిచేస్తుంది. ఆమె బావ శేఖర్ హెచ్-1బీ మీద పన్నెండేళ్లుగా గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నాడు. అమెరికా సైన్యంలో పనిచేసినా, ఏదో నేరానికి శిక్ష పడ్డాక, పౌరులు కారన్న కారణంతో దేశం నుంచి పంపించేస్తున్న మాజీ సైనికుల గురించి మాట వచ్చింది.

శేఖర్: యూనిఫాం వేసుకున్నంత మాత్రాన చట్టం వర్తించదా రమ్యా? నేను అలాంటి తప్పు చేస్తే నన్ను ఉండనిస్తారా?

రమ్య: తప్పుకు జైలుంది కదా బావా. అది వాళ్లు అనుభవించారు. పక్కనే నిలబడి యుద్ధం చేసిన పౌరుడు అదే తప్పు చేస్తే, శిక్ష అయ్యాక ఇంటికెళ్తాడు. ఇతను మాత్రం పసివాడిగా వదిలొచ్చిన దేశానికి పోవాలి.

శేఖర్: పౌరసత్వం తీసుకోవద్దని ఎవరన్నారు? 2001 సెప్టెంబరు 11 నుంచి యుద్ధకాలమే లెక్క, ఒక్కరోజు పనిచేసినా అప్లై చేయొచ్చు, ఫీజు కూడా లేదని నువ్వే చెప్పావు. చేతిలో ఉన్నది వదులుకుని ఇప్పుడు ఏడిస్తే ఎలా?

రమ్య: ఆ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. కొందరు నిజంగానే అశ్రద్ధ చేశారు. కానీ సైన్యంలో చేరేటప్పుడు ప్రమాణం చేసిన రోజే పౌరులమైపోయామని నమ్మినవాళ్లు చాలామంది. మొన్న ఒకాయన డీడీ-214 తెచ్చాడు, సర్వీసు అయ్యాక ఇచ్చే కాగితం. మడతల దగ్గర చిరిగితే సెలోటేపు వేసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు. 'గౌరవప్రదంగా' అన్న మాట మీద వేలు పెట్టి, "ఇంకేం కావాలి?" అని అడిగాడు. ఏం చెప్పను? పౌరులు కానివాళ్లను దేశం నుంచి పంపేసే 'తీవ్ర నేరాల' జాబితాను 1996 చట్టం సాగదీసింది. ఏడాది శిక్ష పడిన దొంగతనం కూడా అందులోదే. ఆ జాబితాలో పడితే, సర్వీసు చూసి కనికరించే వీలు ఇమిగ్రేషన్ జడ్జికి ఉండదు. 2013 నుంచి 2018 దాకా సుమారు 250 మంది మాజీ సైనికుల మీద దేశం నుంచి పంపించే కేసులు నడిచాయని ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2019లో చెప్పింది. మాజీ సైనికుల విషయంలో పాటించాల్సిన సొంత నిబంధనల్ని కూడా ఇమిగ్రేషన్ అధికారులు అన్నిసార్లూ పాటించలేదట. సరిహద్దు అవతల మెక్సికోలోని టిజువానాలో హెక్టర్ బరాహాస్ ఇలాంటివాళ్ల కోసం ఒక ఇల్లే నడిపాడు. తనూ అమెరికా సైన్యంలోని 82వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌లో పనిచేసి, తర్వాత దేశం నుంచి పంపేయబడ్డవాడే. 2017లో కాలిఫోర్నియా గవర్నర్ క్షమాభిక్ష పెట్టాక, 2018లో పౌరుడయ్యాడు. అంత అదృష్టం లేనివాళ్లలో చాలామందిని బతికుండగా సరిహద్దు గేటు దాటనివ్వరు. చనిపోతే మాత్రం జెండా కప్పి, జాతీయ సైనిక శ్మశానంలో చోటిస్తారు.

శేఖర్: ఆ హెక్టర్ మీద కేసేంటి? మనుషులున్న కారు మీద కాల్పులు. కారులో ఉన్నవాళ్ల పేర్లు నీకు తెలుసా?

రమ్య: తెలియదు.

శేఖర్: అదే నేననేది. అయినా ఇక్కడ అన్యాయం వాళ్లకేనా? మావ్నీ అనే సైన్యం పథకం గుర్తుందా? సైన్యానికి అవసరమైన భాషల్లో తెలుగు కూడా ఉందని వీసా మీదున్న మనవాళ్లను చేర్చుకున్నారు. నా రూమ్మేట్ ట్రైనింగ్ అయ్యేసరికి పౌరుడయ్యాడు. నేనింకా లైన్లోనే ఉన్నా.

రమ్య: మరి నువ్వెందుకు చేరలేదు?

శేఖర్: అమ్మ ఒప్పుకోలేదు.

రమ్య: వాళ్ల అమ్మ ఒప్పుకుందా?

శేఖర్: ... ఆవిడకు చెప్పకుండా చేరాడు.

రమ్య: అది లైను దూకడం కాదు బావా. పైగా 2016లో ఆ దారి మూసేశాక, సంతకం పెట్టినవాళ్లు ఎంతమంది తనిఖీల్లో ఇరుక్కుని, వీసా గడువు కూడా అయిపోయి టెన్షన్ పడ్డారో నీకు తెలుసు. నీ లైను ఇంత నెమ్మదిగా కదలడానికి వాళ్లు కారణం కాదు. ఒక్కో దేశానికి ఇన్నే అని పెట్టిన పరిమితి కారణం. కోపం అక్కడ చూపించు, నేనూ వస్తా.

శేఖర్: సరే. మా కొలీగ్ కొడుకు గ్రీన్‌కార్డు మీద ఆర్మీలో చేరాడు. పౌరసత్వానికి ఏదో ఫారం అన్నావే?

రమ్య: ఎన్-400. వేశాడా?

శేఖర్: ట్రైనింగ్‌లో ఉన్నాడు, ఫోను దొరకదు. వాళ్ల నాన్నకు ఇప్పుడే చేస్తా. కానీ కారులో వాళ్ల సంగతి మాత్రం నేను వదలను.

రమ్య: వదలకు. ముందు ఫోన్ చెయ్యి.