జాముగారికి విన్నపం

మహారాజశ్రీ జాముగారి సముఖమునకు,

తమరిని చిన్నప్పట్నుంచీ ఎరుగుదును. రాత్రిని నాలుగు వాటాలు వేస్తే ఒక వాటా తమరు. లెక్కకు మూడు గంటలు. వేసవిలో కాస్త కుంచించుకుపోయినా, చలికాలంలో కాస్త సాగినా మా ఊళ్లో ఎవరూ తమరిని నిలదీయలేదు.

2019 జనవరి 21న సంపూర్ణ చంద్రగ్రహణం వచ్చింది. మనకు పొద్దున తొమ్మిది దాటాక పట్టి మధ్యాహ్నం పన్నెండు దాటాక విడిచింది. కనబడని గ్రహణానికి నియమాల్లేవు కనక నిశ్చింతగా ఇడ్లీలు తిన్నాం. చిక్కల్లా మా మేనల్లుడితోనే. వాడు చదువుకోసం నార్వేవాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో, లాంగియర్‌బ్యేన్ అనే ఊళ్లో ఉన్నాడు. 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం. నడిచలికాలంలో అక్కడ పున్నమి చంద్రుడు అస్తమించడు, గానుగెద్దులా ఆకాశం చుట్టూ తిరుగుతుంటాడు. మబ్బో కొండో అడ్డు రాకపోతే పట్టు నుంచి విడుపు దాకా గ్రహణమంతా వాడిదే.

"కనబడేవాడు పాటించాల్సిందే" అంది మా అక్క.

చంద్రగ్రహణానికి మూడు జాముల ముందు నుంచీ భోజనం కూడదని తమరి పేరు మీద ఒక నిబంధన ఉంది. తొమ్మిది గంటలే కదా అనుకుని కాగితం, పెన్సిలు తీసుకున్నాను.

ఉత్తర ధ్రువానికి దగ్గర కనక ఆ ఊళ్లో చలికాలమంతా పొద్దు పొడవదు. రాత్రి అక్టోబరు 26న మొదలై ఫిబ్రవరి 15న ముగుస్తుంది. 112 రోజులు. నాలుగో వంతు 28. అంటే అక్కడ తమరొక్కరే 28 రోజులండీ! ముగ్గురు కలిస్తే 84. జనవరి 21 నుంచి వెనక్కి వెళ్తే అక్టోబరు 29 తేలింది. ఆ రోజు నుంచి మావాడు పచ్చి మంచినీళ్లు ముట్టకూడదు. దీపావళి, సంక్రాంతి రెండూ ఆ పస్తులోనే.

వాడికి ఫోన్ చేసి చెప్పాను. "బాలురకీ వృద్ధులకీ ఆతురులకీ మినహాయింపు ఉందన్నావుగా మామయ్యా, నేను ఆకలికి ఆతురుణ్ణి" అని పెట్టేశాడు.

అక్క ఊరుకుంటుందా? ఊరగాయ సీసాలో దర్భ వేశాడో లేదో కనుక్కోమంది. ఆ దీవుల్లో చెట్టే మొలవదు, దర్భ ఎక్కడ తేను? సోమవారం నాటి చంద్రగ్రహణం చూడామణి, పుణ్యం ఎక్కువ అని కూడా ఆశపెట్టింది. వారం మారేది సూర్యోదయంతో కదా! ఆ లెక్కన అక్కడి వారం అక్టోబరులోనే ఆగిపోయింది. ఇక పట్టుస్నానం వాళ్ల గడియారంలో నాలుగున్నరకి, విడుపు స్నానం ఎనిమిది కొట్టేలోపు. ఊరవతల సముద్రానికి పోవాలంటే ధ్రువపు ఎలుగుబంట్లను తరిమే సరంజామా వెంట ఉండాలట. సంకల్పం చెప్పుకునేదాకా ఎలుగుబంటి ఆగుతుందా? (గర్భిణుల విషయంలో మాత్రం ఆ ఊరు తమకంటే కఠినం. గ్రహణం ఉన్నా లేకున్నా, కాన్పుకి కొన్ని వారాల ముందే దీవి దాటించి పంపేస్తారు.)

ఒక్కచోట మాత్రం తమరి మాట నిలిచింది. సంపూర్ణ గ్రహణం అక్కడ 5 గంటల 41 నిమిషాలకు మొదలైంది. మనం తెల్లవారుజాము అనే వేళ. 112 రోజుల పెద్ద లెక్కలోనూ అది నాలుగో జామే. కాకపోతే ఆ తెల్లవారుజాముకి తెల్లవారడానికి ఇంకో పాతిక రోజులుంది.

చివరగా ఒక సందేహం. గ్రహణవేళ చంద్రుడు ఎర్రబడేది భూమి అంచు వెంట గాలిపొరలో వంగి వెళ్లిన ఎండతో. ఆ క్షణాన లోకంలో ఎక్కడెక్కడ పొద్దు పొడుస్తోందో, ఎక్కడెక్కడ కుంకుతోందో, ఆ ఎరుపంతా పోయి చంద్రుడి మీద పడుతుంది. అక్టోబరు నుంచి సూర్యుణ్ణి చూడని ఊరి మీదికి 62 నిమిషాల పాటు అంతమంది సూర్యోదయం వెలిగిందన్నమాట. దీన్ని తమరు సూర్యోదయం కింద జమ కట్టుకుంటారా? కట్టుకుంటే రాత్రి అక్కడితో తెగుతుంది, 112 తగ్గుతుంది, నాలుగో వంతూ తగ్గుతుంది. మావాడి పస్తుల లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాలి.

పెన్సిలు చెక్కి ఉంచాను. తమరి జవాబు కోసం ఎదురుచూస్తూ,

ఒక మేనమామ